జేబులో చాకు, వార్తలో కత్తి

సంపాదకులు గారికి,

నమస్కారాలు.

రాత్రి తనిఖీల్లో పట్టుబడినవారి గురించి మీ పత్రిక నగర పేజీలో వార్త వచ్చినప్పుడల్లా ‘అతని వద్ద నుంచి కత్తి స్వాధీనం చేసుకున్నారు’ అన్న వాక్యం దగ్గర నా చదువు ఆగిపోతుంది. అది ఏ కత్తి, ఎంత పొడవు, మడత పడేదా, ఒరలో పెట్టుకునేదా, మీట నొక్కితే తెరుచుకునేదా అన్న సంగతి వార్తలో ఎక్కడా ఉండదు. ఈ వస్తువులకు తెలుగులో మాటలు కరువై కాదు. కూర తరిగేది కత్తిపీట, పండు కోసేది చాకు, వక్క కత్తిరించేది అడకత్తెర, పైరు కోసేది కొడవలి, మనిషిని పొడవడానికే పుట్టింది బాకు. మా అమ్మమ్మ అక్షరం ముక్క రాని మనిషే అయినా వీటిలో ఒకదాని పేరు ఇంకొకదానికి పెట్టి పిలిచి ఎరగదు. పత్రికకెక్కేసరికి మాత్రం అన్నీ కలిసి ‘కత్తి’ అయిపోతున్నాయి. దాని పక్కన ‘మారణాయుధం’ అన్న మాట కూడా పడితే, చదివేవాడి కళ్లకు వేటకొడవలే కనిపిస్తుంది గాని రెండున్నర అంగుళాల మడత చాకు కనిపించదు. నిత్యం జేబులో చాకు పెట్టుకుని పనికి వెళ్లే నాబోటివాళ్లు ఈ నగరంలో వేలమంది ఉంటారు కాబట్టి, చట్టానికి అడ్డం రాని చాకు ఎలాంటిదో, దాన్ని ఎంచుకోవడం ఎలాగో నాకు తెలిసినంత మేరకు మీ పాఠకులకు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను ఇక్కడే విశాఖలో ఓడల మరమ్మతులు జరిగే ఒక యార్డులో 31 ఏళ్లు ఎలక్ట్రీషియన్‌గా పనిచేసి విరమించాను. ఆ 31 ఏళ్లూ, ఆ తరువాతి 7 ఏళ్లూ నా ప్యాంటు కుడి జేబులో ఒక మడత చాకు ఉంటూనే ఉంది. విప్పినా దాని బ్లేడు నా చూపుడు వేలిని దాటదు. గోరు ఆనడానికి బ్లేడు మీద చిన్న గాడి ఉంటుంది. బొటనవేలి గోరును అందులో పెట్టి లాగితే వెనకనున్న స్ప్రింగు పట్టీ కాసేపు మొరాయించి, సగం దాటిన తరువాత టక్కుమని తెరుచుకుంటుంది. కేబులు పైతొడుగు తీసేటప్పుడు చాకును దాదాపు పడుకోబెట్టి చుట్టూ ఒక గీత, ఆ గీత నుంచి నిలువునా ఇంకొక గీత గీయాలి. లోపలి రాగితీగకు గీటు పడిందా, నెల తిరగకుండా అక్కడే వేడెక్కి తెగుతుంది. చెయ్యి అలవాటుపడితే తొడుగు చిక్కుడుకాయ తొక్కులా ఊడి వస్తుంది. ఈ పని మొత్తానికి 6 సెంటీమీటర్ల వాదర, అంటే పదునైన అంచు, సరిపోతుంది. 31 ఏళ్లలో అంతకన్నా పొడవు కావలసి వచ్చిన సందర్భాలు నా చేతి వేళ్లకు మించవు. సాయంత్రం ఇంటికి వచ్చాక అదే చాకును కడిగి తుడిచి, మనవరాలికి జామకాయ ముక్కలు కోసి ఇస్తాను.

ఇక ఈ ఉత్తరానికి అసలు కారణం చెబుతాను. మా మేనల్లుడు ఏసీలు బిగించే పని చేస్తాడు. నిరుడు వాడు ఆన్‌లైన్‌లో ఒక చాకు కొన్నాడు. నల్లరంగు వేసిన బ్లేడు, వెన్ను మీద రంపపు పళ్లు, పిడి మీద పుర్రె బొమ్మ, పక్కన ఒక మీట. మీట నొక్కితే టప్పున తెరుచుకుంటుంది. ఒక రాత్రి పదకొండున్నరకు పని ముగించుకుని బండి మీద వస్తుంటే నగరంలో ఒక కూడలి దగ్గర పోలీసులు ఆపారు. బండి కాగితాలు సక్రమంగానే ఉన్నాయి. జేబు తడిమినప్పుడు ఇది బయటపడింది. ‘ఇదెందుకు?’ అని ఎస్సై గారు అడిగితే మావాడు ‘సేఫ్టీకి సార్’ అన్నాడు. నిజానికి ఆ సాయంత్రమే వాడు దానితో రాగిగొట్టాల మీది నురుగు తొడుగు మూడు చోట్ల కోసి వచ్చాడు, ఆ నురుగు పొట్టు ఇంకా మడతలో ఇరుక్కునే ఉంది. అడిగినదానికి గొప్పగా ఉండే జవాబు చెప్పాలన్న కుర్రతనం కొద్దీ నిజం చెప్పడం మానేసి సినిమా మాట చెప్పాడు. ఆ రాత్రి స్టేషన్‌లోనే గడిపాడు.

తెల్లవారి నేను వాడి పనిముట్ల సంచి, ముందురోజు పని తాలూకు బిల్లు తీసుకుని వెళ్లాను. ఆ అధికారి వయసులో చిన్నవాడే అయినా నాకు కుర్చీ చూపించి, నేను చెప్పింది అంతా విన్నాడు. ‘చూడండి పెద్దాయనా, పనికి అని ఉంటే అది పనిముట్టు. సేఫ్టీకి అన్నాడు, అంటే అవసరమైతే మనిషి మీద వాడతానన్నట్టే కదా’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. చాకు వాళ్లే ఉంచుకుని, మందలించి, సంతకం పెట్టించుకుని పంపించేశారు. ఆయన మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఇంటికి వచ్చి చట్టం తెరిచి చూస్తే, ఆయన అన్నది అచ్చంగా అక్కడ రాసి ఉన్న మాటే అని తెలిసింది.

1878 నాటి పాత ఆయుధాల చట్టం స్థానంలో మనకు 1959లో కొత్త ఆయుధాల చట్టం వచ్చింది. అందులో రెండో సెక్షనులోనే ఆయుధం అంటే ఏమిటో చెప్పారు. దాడికి గాని, రక్షణకు గాని ఆయుధంగా ఉపయోగపడేలా తయారుచేసినవీ, అలా మలచుకున్నవీ ఆయుధాలే. పదునైన అంచు గల మారణాయుధాలు కూడా అందులోకే వస్తాయి. కేవలం ఇంటి అవసరాలకో వ్యవసాయానికో తయారుచేసిన వస్తువులను మాత్రం ఆ నిర్వచనం నుంచి తప్పించారు. మామూలు చేతికర్రను, లాఠీని అందుకు ఉదాహరణగా చూపారు. ‘రక్షణకు గాని’ అన్న ఆ రెండు మాటలను పాఠకులు మరోసారి చదువుకోవాలని నా మనవి. ఆత్మరక్షణ కోసం అని చెప్పుకుంటే చాకుకు అభయం దొరుకుతుందని మన కుర్రవాళ్లు అనుకుంటున్నారు గాని, చట్టం దృష్టిలో ఆ మాటే దాన్ని పనిముట్ల సంచిలో నుంచి తీసి ఆయుధాల వరసలో నిలబెడుతుంది.

ఈ తేడా కళ్లారా చూడాలంటే బీచ్ రోడ్డులో కొబ్బరి బొండాల బండి దగ్గర ఐదు నిమిషాలు నిలబడితే చాలు. బొండాలు కొట్టే అతని చేతిలోని కత్తి నా చాకుకు నాలుగింతలు ఉంటుంది, బరువు పదింతలు. మూడు వేట్లకు బొండం మూతి లేచిపోతుంది. పోలీసు జీపు ఆ బండి పక్కనే ఆగుతుంది, అందులోని వాళ్లు కూడా దిగి బొండాలు తాగి వెళతారు. ఆ కత్తి అక్కడ ఎందుకుందో ఎవరూ అడగరు, ఎందుకంటే జవాబు బండి మీద గెలలుగా కనబడుతూనే ఉంది. అదే కత్తిని అతను రాత్రి పన్నెండుకు చొక్కా వెనక దోపుకుని జగదాంబ కూడలిలో తిరిగితే సంగతి వేరు. కత్తి మారలేదు, దాని పొడవూ మారలేదు, దాని పక్కన ఉండవలసిన గెల మాత్రం లేదు. సందర్భాన్ని బట్టి ఇలా అనుమానించే అధికారాన్ని ఆయుధాల చట్టం 20వ సెక్షను పోలీసులకు ఇచ్చింది. ఒక మనిషి ఆయుధాన్ని తీసుకువెళుతున్న తీరు గాని, ఆ పరిస్థితులు గాని చట్టవిరుద్ధమైన పనికి వాడతాడన్న సహేతుకమైన అనుమానం కలిగించేలా ఉంటే, దానికి లైసెన్సు ఉన్నా లేకున్నా, వారంటు లేకుండానే అరెస్టు చేసి ఆ ఆయుధాన్ని స్వాధీనం చేసుకోవచ్చు.

కొలతల విషయానికి వస్తే, మనవాళ్ల నోళ్లలో బాగా నలిగిన మాట ‘తొమ్మిది అంగుళాలు’. తొమ్మిది అంగుళాల లోపు అయితే ఏమీ కాదని హార్డ్‌వేర్ దుకాణాల్లో కూడా ధీమాగా చెప్పేస్తుంటారు. ఆ అంకె గాలిలోంచి రాలేదు, ఆయుధాల నియమావళి మొదటి షెడ్యూలులోని ఐదో కేటగిరీలో ఉన్నదే. కత్తులు, గుప్తీలు (చేతికర్రలో దాచిన కత్తులు), బాకులు, బల్లేలు మొదలైన వాటితో పాటు 9 అంగుళాల కన్నా పొడవు గాని, 2 అంగుళాల కన్నా వెడల్పు గాని ఉన్న బ్లేడు గల చాకులను అందులో చేర్చి, ఇంటికి, వ్యవసాయానికి, శాస్త్ర పరిశోధనకు, పరిశ్రమలకు తయారుచేసిన వాటిని మినహాయించారు. కేంద్ర ప్రభుత్వం చట్టంలోని 4వ సెక్షను కింద ఏ ప్రాంతానికైనా నోటిఫికేషన్ ఇస్తే, ఆ ప్రాంతంలో అందులో చెప్పిన తరహా ఆయుధాలకు కూడా లైసెన్సు ఉండాలి. 9 అంగుళాలంటే దాదాపు 23 సెంటీమీటర్లు, జేబులో పట్టే వస్తువే కాదు. కాబట్టి ఆ అంకెను మడత చాకుకు పచ్చజెండాగా భావించడం పొరపాటు. చేతికర్రలో దాచిన కత్తి ఆ జాబితాలో పేరు పెట్టి మరీ చేర్చబడిందన్నది గమనించదగ్గది. ఈ రోజుల్లో పెన్నులా, తాళంచెవిలా, క్రెడిట్ కార్డులా కనిపించే చాకులు ఆన్‌లైన్‌లో వంద, రెండు వందలకే దొరుకుతున్నాయి. కత్తి కాదన్నట్టు కనబడే కత్తిని ఎందుకు కొన్నావని ఎవరైనా అడిగితే చెప్పుకోదగిన జవాబు నాకైతే ఒక్కటీ తోచలేదు.

ఢిల్లీలో నిబంధన ఇంకా బిగువు. అక్కడ 1980లో వచ్చిన నోటిఫికేషన్ బటన్ చాకులను, స్ప్రింగు చాకులను, గరారీ చాకులను, యంత్రపు అమరికతో తెరుచుకునే, మూసుకునే మిగతా చాకులను ప్రత్యేకంగా పేర్కొంది, బ్లేడు 7.62 సెంటీమీటర్లు గాని అంతకుమించి గాని పొడవు, 1.72 సెంటీమీటర్లు గాని అంతకుమించి గాని వెడల్పు ఉంటే వర్తిస్తుందని కొలత కూడా ఇచ్చింది. గరారీ అంటే పళ్లచక్రం. తెరుస్తుంటే కటకటమని శబ్దం చేసే పాతకాలపు రాంపురీ చాకు అదే. విశాఖలో ఉన్నవాడికి ఢిల్లీ నోటిఫికేషన్‌తో పనేమిటని అడగవచ్చు. రైలెక్కి పనికి పోయేవాడికి పని ఉంటుంది. అదీ కాక, దేశంలో చాకుల గురించి అంత వివరంగా రాసిన నిబంధన కనుక, చాకు కొనేవాడికి అది మంచి కొలబద్ద. 7.62 సెంటీమీటర్లంటే సరిగ్గా 3 అంగుళాలు. బడిపిల్లల స్కేలు తీసుకుని, పిడి అంచు నుంచి మొన దాకా కొలిచి, 3 అంగుళాలకు కాస్తయినా తక్కువగా ఉన్నదే కొనమని నన్ను అడిగినవాళ్లందరికీ చెబుతాను.

అయితే పొడవు కన్నా ముందు చూడవలసింది చాకు తెరుచుకునే తీరు. మీట నొక్కితే దానంతట అదే తెరుచుకునేది వద్దు. దాని మీద అనుమానం మన దేశానికే పరిమితం కాదు. అమెరికా 1958లో ఫెడరల్ చట్టం చేసి రాష్ట్రాల మధ్య దాని వ్యాపారాన్ని అడ్డుకుంది, మన ఆయుధాల చట్టం వచ్చిన 1959లోనే బ్రిటన్ దాని తయారీని, అమ్మకాన్ని నిషేధించింది. పనివాడికి ఆ మీటతో ఒరిగేదీ లేదు. మెట్ల మీద కూర్చుని పని చేసుకునేవాడికి చాకు అరక్షణం ముందు తెరుచుకోవలసిన అవసరం ఏముంటుంది? గోటితో, రెండు చేతులతో తెరిచేది తీసుకోవాలి. తెరిచాక లాక్ పడేదా, పడనిదా అన్నది మాత్రం నిజంగా ఆలోచించవలసిన ప్రశ్న. లాక్ పడేది వేళ్లకు క్షేమం; లాక్ లేనిదానితో గుచ్చినా, కన్నం తొలిచినా బ్లేడు వెనక్కి మడత పడి వేళ్ల మీదికి వస్తుంది. నా ఎడమ చూపుడు వేలి మీద 1994 నాటి మచ్చ ఇంకా ఉంది, చెక్కపెట్టె మూత లేపబోయి తెచ్చుకున్నది. తప్పు చాకుది కాదు, కోయవలసినదానితో పెళ్లగించబోయిన నాది. నిత్యం జేబులో ఉంచుకోవడానికి నేను లాక్ లేనిదాన్నే ఎంచుకుంటాను, ఎందుకంటే అది కోయడానికి తప్ప పొడవడానికి పనికిరాదని పట్టుకున్న ఎవరికైనా ఇట్టే తెలిసిపోతుంది. లాక్ ఉన్నది పని సంచిలో, మిగతా పనిముట్ల మధ్య ఉంచుకోవచ్చు.

మొన సంగతి కూడా చెప్పాలి. ఓడల మీద పనిచేసేవాళ్ల చాకులకు మొన ఉండదు. వాదర తిన్నగా ఉండి, వెన్ను ముందుకు వంగి దాన్ని కలుస్తుంది, చూడటానికి గొర్రె గిట్టలా ఉంటుంది. ఊగే ఓడ మీద తాడు కోసేటప్పుడు పక్కవాడికి గాని, తనకు గాని గుచ్చుకోకుండా అలా చేస్తారు. కేబుళ్లకు కూడా అదే హాయి. అలాంటి బ్లేడు చూసి ఎవరూ బాకు అనరు. రెండు వైపులా పదునున్న చాకు మాత్రం ఎంత చిన్నదైనా ముట్టుకోవద్దు, ఏ పనివాడికీ రెండో పదునుతో పనిలేదు.

పేర్లు చెప్పమంటే, స్విస్ చాకుగా అందరికీ తెలిసిన విక్టోరినాక్స్ చాకులు ఈ అవసరానికి బాగా సరిపోతాయి. కార్ల్ ఎల్సెనర్ 1884లో స్విట్జర్లాండ్‌లోని ఇబాక్‌లో మొదలుపెట్టిన పనిశాల అది. 1891లో ఆ దేశపు సైన్యానికి చాకులు అందించింది, ఇవాళ మనం చూసే ఎర్ర పిడి చాకుకు మూలమైన ఆఫీసర్ల చాకు 1897 నాటిది. మడిచినప్పుడు 91 మిల్లీమీటర్లు ఉండే రకంలో పెద్ద బ్లేడు 7 సెంటీమీటర్ల లోపే ఉంటుంది, పెద్ద బ్లేడుకు లాక్ ఉండదు, పక్కనే స్క్రూడ్రైవరు, డబ్బా మూత తీసేది, సీసా మూత తీసేది ఉంటాయి. ఆ చిన్న పనిముట్లే దానికి పెద్ద రక్షణ. చేతికిచ్చి ‘ఇదేమిటి’ అని అడిగితే, మనం నోరు విప్పకముందే ఆ సీసా మూత తీసేది జవాబు చెబుతుంది. తాళాలగుత్తికి తగిలించుకునే 58 మిల్లీమీటర్ల రకం ఇంకా చిన్నది, పార్సిళ్లు విప్పడానికి, మందుల అట్టలు కత్తిరించడానికి అది చాలు. ఫ్రాన్స్‌లో 1890 నుంచి తయారవుతున్న ఒపినెల్ చెక్కపిడి చాకు చూడముచ్చటైనదే గాని, బాగా అమ్ముడయ్యే 8వ నంబరు బ్లేడు పొడవు 8.5 సెంటీమీటర్లు, పైగా తిప్పే కట్టుతో లాక్ పడుతుంది. అదే కావాలంటే, లాక్ దానికీ ఉన్నా పొడవు తక్కువైన 6వ నంబరు చూసుకోవడం నయం. అంత ఖర్చు పెట్టనక్కర లేదనుకుంటే పూర్ణా మార్కెట్ పరిసరాల్లో దొరికే సాదా మడత చాకు కూడా చాలు. స్ప్రింగు బిగువుగా ఉందా, మూసినప్పుడు మొన పిడిలోకి పూర్తిగా దిగుతోందా అన్నవి మాత్రం కొట్లోనే చూసుకోవాలి.

ఉప్పుగాలి ఊరు కనుక ఒక మాట. మామూలు ఉక్కు బ్లేడు పదును బాగా పడుతుంది, నిలుస్తుంది కూడా, కానీ సముద్రానికి దగ్గరగా ఉండే మల్కాపురం లాంటి చోట్ల రెండు రాత్రులు తడిగా వదిలేస్తే మచ్చలు తేలుతుంది. స్టెయిన్‌లెస్ తీసుకుని, పదిహేను రోజులకొకసారి కీలులో ఒక చుక్క కుట్టుమిషను నూనె వేసి, సానరాయి మీద రెండు వైపులా సమంగా నాలుగు తిప్పులు తిప్పితే ఏళ్ల తరబడి వస్తుంది. మొద్దు చాకు పదునైన చాకు కన్నా ప్రమాదమని నేర్పిన మా పాత మేస్త్రీ ఇప్పుడు లేడు.

మంచి చాకే అయినా ఇంట్లో వదిలి వెళ్లవలసిన చోట్లు ఉన్నాయి. విమానంలో చేతి సంచిలో చాకు కుదరదు, దిగువకు పంపే సామానులో పెట్టుకోవాలి. ఈ సంగతి తెలిసి కూడా నేను ఒక విమానాశ్రయంలో పన్నెండేళ్ల నాటి నా స్విస్ చాకును తనిఖీ దగ్గరి డబ్బాలో వేసి రావలసి వచ్చింది; జేబుకు ఎంత అలవాటైపోయిందంటే అది ఉందన్న సంగతే మనసుకు తట్టలేదు. సిక్కు సోదరుల కృపాణానికి రాజ్యాంగం 25వ అధికరణ వివరణలోనే రక్షణ ఉంది, దేశీయ విమానాల్లో వారికి బ్లేడు 15.24 సెంటీమీటర్లకు మించని కృపాణాన్ని 2022 నుంచి అనుమతిస్తున్నారు. ఆ వెసులుబాటు వారి విశ్వాసానికి సంబంధించినది, మనకు వర్తించదు. కోర్టుకు, ఉక్కు కర్మాగారం, పోర్టు వంటి కేంద్ర బలగాల కాపలా ఉన్న చోట్లకు, సినిమా హాలుకు, సింహాచలం చందనోత్సవం లాంటి జనసమ్మర్దంలోకి చాకు తీసుకువెళ్లి గేటు దగ్గర వాదన పెట్టుకోవడం తెలివితక్కువ పని. ఉక్కు కర్మాగారంలో పని ఉన్నవాళ్లు తమ పనిముట్ల జాబితాలో చాకును కూడా రాయించుకుంటే సరిపోతుంది. పోలింగ్ రోజు సంగతి ఇంకా గట్టిది. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 134బి సెక్షను ప్రకారం పోలింగ్ కేంద్రం పరిసరాలకు ఆయుధంతో రావడమే నేరం, రెండేళ్ల దాకా జైలు పడవచ్చు. ఓటు వేసి వచ్చాక జామకాయ కోసుకోవచ్చు. అలాగే నగరంలో ఉద్రిక్తత ఉన్నప్పుడు 144వ సెక్షను అని మనం అలవాటుగా పిలిచే నిషేధాజ్ఞలు ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 163వ సెక్షను కింద వస్తున్నాయి, కర్రలు, కత్తులు పట్టుకు తిరగరాదని అందులో రాస్తే మన చిన్న చాకుకు కూడా ఆ రోజుల్లో సెలవే.

విదేశాలకు పిల్లలను పంపే తల్లిదండ్రులకు మరొక హెచ్చరిక. మన నగరం నుంచి ఏటా ఎంతోమంది చదువులకు లండన్ వెళుతున్నారు, పెట్టెలో ఆవకాయతో పాటు వంటింటి చాకు, జేబు చాకు కూడా సర్దుతున్నాం. బ్రిటన్‌లో 1988 చట్టం ప్రకారం సరైన కారణం లేకుండా బయట వెంట ఉంచుకోగలిగింది 3 అంగుళాలకు మించని వాదర గల, లాక్ పడని మడత చాకు ఒక్కటే. లాక్ పడేదైతే రెండంగుళాలున్నా ఆ మినహాయింపు లేదు. వంటింటి చాకు గదిలో ఉండాలి. మావాడు కూడలిలో చెప్పిన ‘సేఫ్టీకి’ అన్న జవాబు అక్కడ చెబితే ఒక్క రాత్రితో పోదు.

పోలీసులు ఆపినప్పుడు ఎలా మసలుకోవాలో కూడా మా మేనల్లుడికి ఆ రోజే చెప్పాను. జేబు తడమకముందే ‘సార్, కుడి జేబులో చాకు ఉంది, ఏసీ పని కోసం’ అని చెప్పాలి. చెయ్యి జేబులో పెట్టి తానే బయటికి తీయకూడదు. తీయమంటే మూసి ఉన్నదాన్ని మూసినట్టే పిడి వైపు నుంచి అందించాలి. మద్యం తాగిన రోజు చాకు జేబులో ఉండకూడదు. కొన్న బిల్లు ఫోనులో ఉంచుకోవాలి. ఇప్పుడు వాడి సంచిలో ఎర్ర పిడి చాకు ఉంది, పుర్రె బొమ్మ లేదు. మొన్న నెలలోనే మళ్లీ ఒక చోట ఆపితే, చాకు చూసి, సీసా మూత తీసేదాన్ని విప్పి, మళ్లీ మడిచి ఇచ్చేశారట. ‘మావయ్యా, అరనిమిషం కూడా పట్టలేదు’ అన్నాడు.

ఇక నా మనవులు రెండు. నగర పోలీసు అధికారులు విశాఖ పరిధిలో చాకులకు సంబంధించి అమలులో ఉన్న నియమాలను, 4వ సెక్షను కింద వర్తించే నోటిఫికేషన్‌లు ఏవైనా ఉంటే వాటితో సహా, తేట తెలుగులో ఒక పేజీగా అచ్చు వేసి స్టేషన్లలోను, హార్డ్‌వేర్ దుకాణాల్లోను అంటించాలి. ఎలక్ట్రీషియన్లు, ఏసీ మెకానిక్కులు, మొక్కలకు అంటుకట్టేవాళ్లు, ఫిషింగ్ హార్బరులో వలలు బాగుచేసేవాళ్లు, పార్సిళ్లు పంచే కుర్రవాళ్లు రోజూ చదువుకునే వీలున్న చోట అది ఉండాలి. పుర్రెబొమ్మల చాకులను ‘ఆత్మరక్షణకు’ అని ప్రకటించి అమ్మే ఆన్‌లైన్ వ్యాపారులకు, ఆ ప్రకటన నమ్మి కొన్న కుర్రవాడే రేపు ఆ మాట పోలీసుల ముందు అప్పజెప్పుతాడన్న సంగతి కూడా ఎవరో ఒకరు గుర్తు చేయాలి.

రెండో మనవి మీకే. మీ విలేకరులు ఇకమీదట ‘కత్తి స్వాధీనం’ అని రాసేటప్పుడు అది మడత చాకా, బటన్ చాకా, బాకా, కొడవలా అన్నది, దాని బ్లేడు ఎన్ని సెంటీమీటర్లు అన్నది కూడా స్టేషనులో అడిగి రాయించవలసిందిగా కోరుతున్నాను. పంచనామాలో కొలత రాస్తారు కాబట్టి అడిగితే దొరుకుతుంది. వార్తకు నాలుగు మాటలు ఎక్కువవుతాయి, అంతే. ఆ నాలుగు మాటల వల్ల మరునాడు పనికి వెళ్లే ఎలక్ట్రీషియన్ తన జేబులోని చాకును తీసి, స్కేలు పెట్టి కొలుచుకుని, ఉంచాలో మార్చాలో తేల్చుకుంటాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఎలక్ట్రీషియన్,
మల్కాపురం, విశాఖపట్నం.